ముఖము లేని ముఖాముఖి

ఉద్యోగమిచ్చువాడు ఉద్యోగము కోరువానిని పిలిపించి, ఎదుట గూర్చుండబెట్టుకొని ప్రశ్నించు పద్ధతికి మనవారు ముఖాముఖి యని పేరు పెట్టిరి. ఇంటర్వ్యూ అను ఇంగ్లీషు మాటకంటె నిది పనిని స్పష్టముగ జెప్పును. ఇటొక ముఖము, అటొక ముఖము. నడుమ నొక బల్ల. అయితే కంప్యూటరు కంపెనీలలో ఉద్యోగములకు బోవు మన బిడ్డలు చెప్పు సంగతులు విన్నయెడల ఈ పేరులోని రెండవ ముఖము మాయమైనట్లు తోచును. అభ్యర్థి తన చదువు వివరములను కంపెనీకి బంపును. తఱుచుగా వానిని మొదట చదువునది మనుష్యుడు కాదు, ఒక ప్రోగ్రాము. అది దాటినవానికి ఒక పరీక్ష వచ్చును. గంటయో గంటన్నరయో గడువులో రెండు మూడు లెక్కలకు ప్రోగ్రాములు వ్రాయవలెను; వ్రాయునంతసేపు కెమెరా వాని కన్నులను కనిపెట్టుచుండును. అదియు దాటినచో తెరమీద నొక ప్రశ్న కనబడును. అర నిమిషము ఆలోచించుకొనవచ్చును. పిమ్మట రెండు మూడు నిమిషములు తెరవంక జూచి మాటలాడవలెను. అవతల నెవ్వరును లేరు. తల యూపువారు లేరు, "మఱియొకసారి చెప్పు నాయనా" యనువారు లేరు. వారమునకో నెలకో సంతకము లేని రెండు పంక్తుల యుత్తరము వచ్చును. పెక్కుమాఱు లదియును రాదు.

దీనిని యంత్రయుగపు దౌర్భాగ్యమని నిందించి యూరకుండుట సులభము. మా మిత్రులలో కొందఱట్లే చేయుచున్నారు. చరిత్రము మాత్ర మట్లు చెప్పుట లేదు. అభ్యర్థి ముఖము చూడరాదను నియమము మొదట న్యాయము కొఱకే పుట్టినది; బీదవాని కొడుకును ధనికుని మేనల్లుడును ఒకే త్రాసులో తూగుటకై పుట్టినది. దానితో గూడ మఱియొక నియమమును పెరిగినది: పరీక్షించినవాడు తన తూనికకు జవాబు చెప్పవలెను. మొదటి నియమము సముద్రములు దాటి నేటివఱకు వచ్చినది. రెండవది త్రోవలో నెక్కడనో జారిపోయినది. అది యెక్కడ జారినదో వెదకుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

పని యిచ్చుటకు ముందు పరీక్షించుట మన దేశమున బహుప్రాచీనము. కౌటిల్యుడు అర్థశాస్త్రము మొదటి యధికరణమున, పదియవ యధ్యాయమున, అమాత్యుల శీలమును తెలిసికొనుటకు ధర్మోపధ, అర్థోపధ, కామోపధ, భయోపధ యను నాలుగు రహస్యపరీక్షలను చెప్పెను. రాజు తన పురోహితునో సేనాపతినో పదవినుండి తొలగించినట్లు నటించును; ఆ తొలగింపబడినవాడు గూఢచారుల ద్వారమున అమాత్యుని రాజద్రోహమునకు పురికొల్పును. లొంగనివాడు శుద్ధుడు. ధర్మపరీక్షలో నెగ్గినవానిని న్యాయాధికారములందును, అర్థపరీక్షలో నెగ్గినవానిని పన్నుల వసూలునందును బొక్కసమునందును, కామపరీక్షలో నెగ్గినవానిని విహారస్థలముల రక్షణమందును, భయపరీక్షలో నెగ్గినవానిని రాజునకు సమీపమందలి కార్యములందును నియమింపవలెను. నాల్గింటను నెగ్గినవాడు మంత్రి యగును. ఇంతవఱకు చదువుకొన్నవారు పలువు రెఱిగినదే. ఆ వెనుక వచ్చు మాటను మాత్రము తఱుచుగా విడిచిపెట్టుదురు. నాల్గింటను ఓడినవానిని సయితము కౌటిల్యుడు వెళ్లగొట్టుమనలేదు. గనులలోను, అడవులలోను, ఏనుగుల వనములలోను, కర్మశాలలలోను పనికి బెట్టుమనెను. పరీక్షవలననే చెడుగు కలుగవచ్చునని కూడ నత డెఱుగును. చెడనివానిని పరీక్షపేర చెఱుపుట నీటిని విషముతో చెఱచుట వంటిదనియు, ఒకసారి చెడిన బుద్ధికి మందు దొరకకపోవచ్చుననియు హెచ్చరించెను. ఈ పరీక్షలు మోసముతో గూడినవి. వానిని మేము మెచ్చుకొనుట లేదు. కాని పరీక్షకు గుఱియైనవాడు పిమ్మట నేమగునో యని ఆలోచించిన మనస్సొకటి అందు గనబడుచున్నది.

ముఖమును మఱుగుపఱచుట చీనావారి బుద్ధి. సుంగు వంశపు చక్రవర్తుల కాలమున (960–1279) ఉద్యోగపరీక్షల జవాబుపత్రములపై అభ్యర్థి పేరును కప్పివేయుట యాచారమయ్యెను. చేవ్రాతను బట్టి పోల్చుకొందురేమో యని ఆ పత్రములను లేఖకులచే తిరుగ వ్రాయించి, ఆ నకళ్లనే పరీక్షకుల చేతి కిచ్చుచుండిరి. ఈ పరీక్షలు 1905లో రద్దగువఱకు నడచినవి. మోసములును వానితోడనే నడచినవి: దుస్తుల లోపలి పొరపై చీమతలలంత యక్షరములతో గ్రంథములు వ్రాసికొని పోవువారు కొందఱు; తమకు బదులు పండితులను పంపువారు కొందఱు. ముఖము చూడనిచోట వేఱొక ముఖము వచ్చి కూర్చుండుట వింత కాదు. ఈ సంగతిని మఱల అమీరుపేటలో చూతము.

మన దేశమునకు ఈ పద్ధతి కంపెనీవారి మూలమున వచ్చినది. ఆ కంపెనీ కంప్యూటరు కంపెనీ కాదు, ఈస్టిండియా కంపెనీ. దాని సివిలుద్యోగములన్నియు లండనులోని డైరెక్టర్ల చేతిలో నుండెను. ఒక్కొక్క డైరెక్టరునకు ఇంతమందిని పంపవచ్చునని వంతు లుండెను. డైరెక్టరుగారి మేనల్లుడో, ఆయన మిత్రుని కుమారుడో 1806లో స్థాపింపబడిన హెయిలీబరీ కళాశాలలో రెండేండ్లు చదివి మన జిల్లాలమీద దొరయై దిగుచుండెను. 1853వ సంవత్సరపు చార్టరు చట్టము ఈ సిఫారసుల నధికారమును తీసివేసెను. మరు సంవత్సరము మెకాలే అధ్యక్షతను గూర్చిన సంఘము బహిరంగపరీక్ష యెట్లు జరుగవలెనో నివేదించెను. 1855లో మొదటి పరీక్ష జరిగినది. అదేకాలమున ఇంగ్లండు దేశపు కొలువులకును ఇట్టి పద్ధతియే కావలెనని నార్త్‌కోటు, ట్రెవెల్యన్ అను నిద్దఱు నివేదిక వ్రాసిరి. మెకాలే మన విద్యలనుగూర్చి యాడిన మాటలకు మేమెన్నడును క్షమింపము. అయినను మేనల్లుండ్ర రాజ్యమును తీసివేసి ప్రశ్నపత్రమును నిలిపిన సంఘమునకు అధ్యక్షుడాతడే యని యొప్పుకొనక తప్పదు.

ప్రశ్నపత్రము పైకి ముఖము చూడదు. అయినను పరీక్ష యెక్కడ జరుగునో, ఎంత వయస్సువారికి జరుగునో నిర్ణయించు చేతికి ముఖములు కనబడుచునే యుండును. పరీక్ష లండనులో మాత్రమే జరుగుచుండెను. సముద్రము దాటిపోయి 1863లో మొదట నెగ్గిన భారతీయుడు సత్యేంద్రనాథ ఠాకూరు. 1878 నుండి వయస్సు హద్దును ఇరువదియొకటినుండి పందొమ్మిదికి తగ్గించిరి. పందొమ్మిదేండ్లకు లండను చేరి లాటిను, గ్రీకు భాషలలో ఇంగ్లీషు బాలురతో పోటీపడగల భారతీయు లెందఱుందురు? పరీక్ష ఇచ్చటను నచ్చటను ఏకకాలమున జరుపుడని కామన్సు సభ 1893లో తీర్మానించినను 1922 వఱకు అది జరుగలేదు.

ఇన్ని వంకరలున్న ఆ పరీక్షలోనే సురేంద్రనాథ బెనర్జీగారి కథ జరిగినది. అది నేటి అభ్యర్థులు తెలిసికొనదగినది గనుక కొంచెము విరివిగ జెప్పెదము. ఆయన 1869లో నెగ్గెను. కాని వయస్సు మించినదని పరీక్షాధికారులు పేరు కొట్టివేసిరి. కలకత్తా విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షనాడు ఆయన తన వయస్సును మన వాడుక ప్రకారము నడచుచున్న యేటితో గూడ లెక్కించి వ్రాసియుండెను. లండనువారు దానిని నిండిన యేండ్లుగ భావించిరి. మన యిండ్లలో నేటికిని పదియేండ్లు నిండినవానికి "పదకొండో యేడు" అని చెప్పుట కలదు గదా, అంతమాత్రపు భేదము. సురేంద్రనాథుడు క్వీన్సు బెంచి న్యాయస్థానమున కెక్కెను. అధికారులు వెనుకకు తగ్గి ఆయన పేరును మఱల చేర్చుకొనవలసివచ్చెను. పాలింపబడు జాతివాడు, ఇరువదియేండ్ల యువకుడు, పాలకుల రాజధానిలో వారి న్యాయస్థానముననే "నన్నేల తీసివేసితివి?" అని యడిగి జవాబు రాబట్టెను. అడుగుటకు ఆధార మెట్లు కలిగినది? నియమములు అచ్చయియుండెను, ఇంత వయస్సు, ఇన్ని విషయములు, ఇన్ని మార్కులు అని. ప్రశ్నపత్రములు అచ్చగుచుండెను. నెగ్గినవారి మార్కులు అచ్చగుచుండెను. పరీక్షకునకు ముఖము లేకపోయినను విలాసముండెను. మేము పైని చెప్పిన రెండవ నియమ మిదియే.

ప్రశ్నలు తెలిసినచోట వానిని గుప్పించి నేర్పువారును పుట్టుదురు. లండనులోని పౌవిస్ స్క్వేరులో రెన్ అను నాతడు నడపిన శిక్షణశాలయందు సివిలు సర్వీసు పరీక్షకు విద్యార్థులను తయారుచేయుచుండిరి. అట్టివారికి ఇంగ్లీషువారు కూరెడువారని యర్థము వచ్చు పేరొకటి పెట్టి యెగతాళి చేసిరి, పిల్లలనుమాత్రము వారియొద్దకే పంపిరి.

ఇక అమెరికా. అచట ఉద్యోగపరీక్ష ప్రభుత్వము చేతినుండి వర్తకుల చేతికి వచ్చినది. మొదటి మహాయుద్ధకాలమున, 1917 మొదలుకొని, పదునేడు లక్షలమంది సైనికుల బుద్ధిని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కాగితపు పరీక్షలతో కొలిచిరి. యుద్ధము ముగిసిన వెనుక ఆ కొలకఱ్ఱలు కర్మాగారములకు చేరినవి. 1921లో ఎడిసన్ మహాశయుడు తన కంపెనీలో చేరగోరు కళాశాల పట్టభద్రులకు నూటయేబదికి దగ్గఱగ ప్రశ్నల పట్టీ నొకటి తయారుచేసెను. ఫ్రాన్సు దేశపు సరిహద్దు దేశములేవి, శ్రేష్ఠమైన ప్రత్తి యెచట పండును, ఇట్టివి. వచ్చినవారిలో నత్యధికులు తప్పిపోయిరి. తప్పిన కొందఱు ప్రశ్నలను పత్రికలకు చెప్పివేయగా దేశమంతయు వానితో నాటలాడుకొనెను. ఆ దినములలోనే బోస్టను నగరమునకు వచ్చిన ఐన్‌స్టయిన్‌ను విలేఖరు లా పట్టీలోనిదని ధ్వనివేగ మెంతయని యడుగగా, పుస్తకములలో దొరకు సంగతులను తాను తలలో మోయుట లేదని యాయన చెప్పెను. ఎడిసనుకు కోపము వచ్చి ప్రశ్నలను మార్చెను. ఇచట గమనింపవలసిన దేమనగా: ప్రశ్నలు బయటపడుట లండనులో నియమము, ఎడిసను కర్మాగారమున నేరము. మేము వెదకుచున్న జారుడుచోటు ఇదియేయని మా యభిప్రాయము. పరీక్ష ప్రజలదిగాక యజమానుని సొత్తు అయినది.

కంప్యూటరు వచ్చిన మొదటి దినములలో ప్రోగ్రాములు వ్రాయుట స్త్రీల పనిగ నెంచబడెను. 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రమునకు లెక్కలు కూర్చినవారు ఆర్గురు స్త్రీలు. పురుషులు యంత్రమును నిర్మించిరి. దానిచే పని చేయించుట గుమాస్తాపని యని స్త్రీలకు విడిచిరి. పది సంవత్సరములు గడచునప్పటికి ఆ పనియే కష్టమనియు, ఖరీదైనదనియు తేలినది. దానికి ఎవరు తగుదురో యెవ్వరికిని తెలియదు. అప్పుడు ఐ.బి.ఎం. కంపెనీ 1955లో ప్రోగ్రామరులను ఏఱుటకు కాగితపు పరీక్ష నొకటి సిద్ధపఱచెను. అంకెల వరుసలు, ఆకారముల పోలికలు, చిల్లర లెక్కలు అందలి సామగ్రి. పరీక్షలో వచ్చిన మార్కులకును, పిమ్మట చేసిన పని నాణ్యమునకును గట్టి సంబంధము కనబడకున్నను, చౌకయైనది గనుక దేశమంతట వ్యాపించినది.

1966లో కానన్, పెరీ అను నిద్దఱు మనస్తత్త్వజ్ఞులు మఱియొక మెట్టెక్కిరి. పనిలోనున్న 1,378 మంది ప్రోగ్రామరుల యిష్టాయిష్టముల నడిగి, సంతోషముగ పనిచేయువాని స్వరూపమిదియని గీసిరి. ఆ 1,378 మందిలో స్త్రీలు 186 మంది మాత్రమే. వారు తేల్చిన దేమన, చిక్కుముడులు విప్పుట ప్రోగ్రామరున కిష్టము, మనుష్యులతో సన్నిహితముగ మెలగుట యయిష్టము. ఈ కొలతను పట్టుకొని కంపెనీలు తిరిగి అట్టివారినే ఏఱుకొనెను. మనుష్యులయందు ఆసక్తి లేనివారిని వెదకి తెచ్చి పనిలో బెట్టి, కొంతకాలమునకు వారినే పరీక్షకుల పీటలమీద గూర్చుండబెట్టినయెడల ముఖాముఖి యెట్లుండునో చదువరులే యూహించుకొనగలరు. ఆర్గురు స్త్రీలతో నారంభమైన వృత్తి గడ్డము పెంచిన పురుషుని బొమ్మగా మారుటకు ఈ కొలకఱ్ఱయు నొక కారణమని చరిత్రకారులు వ్రాసియున్నారు.

ఆ తరువాతిది పొడుపుకథల యుగము. మైక్రోసాఫ్టు కంపెనీవారు అభ్యర్థులను వింత ప్రశ్నలడుగుదురని ప్రసిద్ధి కెక్కిరి. వీథిలోని మురుగుగోతుల మూతలు గుండ్రముగ నేల యుండును? ఫ్యూజీ పర్వతమును కదల్చుట యెట్లు? ఈ రెండవ ప్రశ్న పేరనే పౌండ్‌స్టోన్ అను రచయిత 2003లో పుస్తకము ప్రకటించెను. మఱుసటి యేడు గూగులువారు కాలిఫోర్నియాలో 101వ నంబరు రాజమార్గము ప్రక్కన పెద్ద పలక నొకటి నిలిపిరి. సహజసంవర్గమానములకు ఆధారమైన e అను సంఖ్య యొక్క దశాంశములలో వరుసగా పది యంకెలతో మొదట కనబడు ప్రధానసంఖ్య యేది యని అందు ప్రశ్న. జవాబు 7427466391. ఆ యంకెలతో నున్న విలాసమునకు పోయినవానికి మఱియొక ప్రశ్న, దానిని విప్పినవానికి ఉద్యోగమున కర్జీ పంపుమను నాహ్వానము. పలకమీద కంపెనీ పేరు లేదు. గణితమును ప్రేమించువారము గనుక ఈ ప్రశ్న సొంపును మేము కాదనము. అయినను ఉద్యోగమిచ్చువాడు తన పేరు చెప్పకయే అభ్యర్థి బుద్ధిని పరీక్షించుట అంతకుముందు మేము వినియుండలేదు.

పొడుపుకథలవలన నేమి తెలిసినది? 2013లో గూగులు కంపెనీ సిబ్బంది వ్యవహారముల యధిపతి లాస్లో బాక్ న్యూయార్కు టైమ్సు పత్రికతో మాటలాడుచు, అవి వట్టి కాలవ్యయమనియు, అడుగువాడు తాను తెలివిగలవాడనని సంతోషించుటకే యుపయోగపడుననియు నొప్పుకొనెను. తమవారు వేలకొలది ముఖాముఖిల మార్కులను పిమ్మటి పనితో పోల్చిచూడగా సంబంధమేమియు కనబడలేదనియు జెప్పెను. ఆ ప్రశ్నలకు తెల్లమొగము వేసి వెనుదిరిగినవారికి ఈ యొప్పుకోలు పత్రిక ద్వారముననే తెలియవలసివచ్చెను.

పొడుపుకథలు పోయి వాని స్థానమున కళాశాల లెక్కలు నిలిచినవి. 2015లో మాక్స్ హోవెల్ అను ప్రోగ్రామరు కథ లోకమంతట ప్రాకినది. ఈతడు హోంబ్రూ అను పనిముట్టును నిర్మించినవాడు. గూగులు ఇంజనీర్లలో నూటికి తొంబదిమంది దానినే వాడుచున్నారనియు, తెల్లపలకమీద నొక వృక్షమును తలక్రిందులు చేయలేకపోయినందున తన్నచట వలదనిరనియు ఆతడు బహిరంగముగ వ్రాసెను. వృక్షమనగా ఇచట చెట్టు కాదు. కుడియెడమ కొమ్మలుగ సంఖ్యలను పేర్చు పద్ధతి. ఆ కొమ్మలను తాఱుమాఱు చేయుట తెలిసినవానికి నాలుగు పంక్తుల పని. లోహారి చేసిన కత్తితో వంట చేయుచు, ఆ లోహారినే యినుము ద్రవీభవించు నుష్ణోగ్రత యెంతయని యడిగి పంపివేసినట్లున్నది. అయితే కంపెనీవారి పక్షమునను ఒక మాట చెప్పవలెను. వారి వాకిటికి వచ్చువారు లక్షలు. పూర్వము చేసిన పనినిబట్టి ఏఱుకొన్నచో పూర్వము అవకాశము దొరకినవారికే మఱల దొరకును. ఏ పల్లెటూరి కళాశాలనుండియో వచ్చిన పిల్లకు లెక్క యొక్కటే ఆధారము. ఆ లెక్క మెకాలే ప్రశ్నపత్రమునకు మనుమరాలు. అందుచే మేము లెక్కను నిందింపము.

లెక్కలు తెలిసినచోట మఱల శిక్షణ పుట్టినది. 2008లో మక్‌డోవెల్ అను నామె ఈ ముఖాముఖిలకై వ్రాసిన గ్రంథము అభ్యర్థుల చేతిలో భగవద్గీతవలె మెలగుచున్నది. పౌవిస్ స్క్వేరులోని రెన్ దొర శాల హైదరాబాదులో అమీరుపేటయై వెలసినది. 1998లో హైదరాబాదున సైబరు టవర్సు ప్రారంభమైన కాలమునకే మైత్రీవనము చుట్టుప్రక్కల మేడలలో కంప్యూటరు భాషలు నేర్పు శాలలు క్రిక్కిఱిసినవి. జిల్లాలనుండి వచ్చిన యువతీయువకులు హాస్టళ్లలో గదికి నలుగురు చొప్పున నుండి నేర్చుకొందురు. జిరాక్సు దుకాణములలో నే కంపెనీవా రేమడిగిరో ప్రశ్నల కట్టలు కొనుక్కొందురు. చీనా దేశపు పండితుడు శ్యాంగ్ బియావ్ మన తెలుగు ప్రోగ్రామరులను విదేశములకు సరఫరాచేయు దళారులనుగూర్చి 2007లో నొక గ్రంథము ప్రకటించెను. ఆంధ్రదేశపు కుటుంబములలో వ్యవసాయపు మిగులును, వరకట్నపు సొమ్మును ఈ శిక్షణకును ఈ ప్రయాణములకును ఆధారమైనవని యందు చూపెను. అనగా తెర యవతల నెవ్వరును లేని ఆ రెండు నిమిషముల వెనుక ఒక యెకరము మాగాణియు, ఒక యాడపిల్ల తండ్రి యప్పును ఉండవచ్చును. వరకట్నమును మాన్పుటకు డెబ్బదియేండ్లకు పైగా ఉపన్యసించుచున్న మనము ఈ గొలుసును గమనింపక తప్పదు.

అమీరుపేటలో చీనావారి పాత మోసము క్రొత్తరూపమున కనబడినది. టెలిఫోనులో ప్రశ్నలడుగు దినములలో అభ్యర్థికి బదులు ఆఱితేఱిన వేఱొకడు మాటలాడుట మొదలయ్యెను. దానికి ప్రాక్సీ యని పేరు. కంపెనీలు కెమెరా పెట్టెను. కెమెరా ముందు అభ్యర్థి పెదవులు కదపగా ప్రక్కనున్నవాడు పలికెను. కంపెనీలు గదినంతయు త్రిప్పి చూపుమనెను. ఇట్లు ఒక దొంగను పట్టుటకై బిగించిన త్రాడు నూర్గురు నిజాయితీపరుల మెడలకు చుట్టుకొన్నది. కన్ను ప్రక్కకు త్రిప్పినందున పరీక్ష రద్దయినదని చెప్పిన పిల్లలను మే మెఱుగుదుము. వెనుక గదిలో పసిబిడ్డ యేడ్చినదని ఒక తల్లి త్రిప్పి చూచినదట. ఎవరికి చెప్పుకొనవలెనో యని ఆమె భర్త మమ్మడిగినప్పుడు, కంపెనీ వెలుపలి సంస్థ పేరును, దానికి జవాబురాని విలాసమును తప్ప మే మేమియు కనుగొనలేకపోతిమి.

మనుష్యుని తొలగించి యంత్రమును గూర్చుండబెట్టినచో పక్షపాతము పోవుననుకొన్నవారికి అమెజాను కంపెనీ యనుభవము పాఠము. 2014లో వారు అర్జీలను చదివి అభ్యర్థులకు నక్షత్రములు వేయు యంత్రమును నిర్మింప మొదలిడిరి. అంతకు ముందటి పదియేండ్ల అర్జీలను దానికి నేర్పిరి. ఆ యర్జీలలో నధికభాగము పురుషులవి గనుక, స్త్రీలన్న మాట కనబడిన అర్జీని యంత్రము క్రిందికి త్రోసెను. మహిళల చదరంగ సంఘమునకు నాయకురాలనని వ్రాసికొనుట దోషమయ్యెను. స్త్రీల కళాశాలలు రెండింటి పట్టభద్రులకును అదే గతి పట్టెను. కంపెనీవారు దీనిని కనిపెట్టి, సవరింపజూచి, కుదురునని నమ్మకము లేక ఆ ప్రయత్నమును మానిరి. రాయిటర్సు వార్తాసంస్థ 2018లో ఈ సంగతిని బయటపెట్టెను. తమ యధికారులు దానిని ఆధారముగ జేసికొని యెవ్వరిని నిర్ణయింపలేదని కంపెనీ చెప్పెను. 1966 నాటి కొలకఱ్ఱను మనుష్యులు తీసివేసినను అర్జీల గుట్టలో దాని నీడ మిగిలియుండెను.

తెరముందు మాటలాడించు పద్ధతిలో పేరుపొందిన హైర్‌వ్యూ అను అమెరికా సంస్థ కొంతకాలము అభ్యర్థి ముఖకవళికలను సయితము యంత్రముచే లెక్కింపజేసెను. 2019లో దానిపై ప్రభుత్వమునకు ఫిర్యాదు చేరెను. ముఖ పరిశీలనమును మానితిమని ఆ సంస్థ 2021 జనవరిలో ప్రకటించెను. చిత్రమేమన, అభ్యర్థికి ఎదుటివాని ముఖము కనబడకుండ జేసి, ఎదుటివాడు మాత్రము అభ్యర్థి ముఖమును కనుబొమలతో సహా లెక్కించుట. చీనావారు కాగితమంటించి కప్పిన ముఖము వేఱు, ఇచట కప్పబడిన ముఖము వేఱు.

ఇట్లనుటచే మేము పూర్వపు బల్లనే మఱల వేయుడని కోరుచున్నామని తలపవలదు. 2020లో ఉత్తర కెరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారును మైక్రోసాఫ్టువారును కలిసి నలువది యెనమండ్రు విద్యార్థులతో నొక పరిశీలన చేసిరి. కొందఱు తెల్లపలక యొద్ద పరీక్షకుడు చూచుచుండగా, పైకి మాటలాడుచు లెక్క చేసిరి; తక్కినవారు ఆ లెక్కనే గదిలో నొంటరిగ చేసిరి. చూపు క్రింద చేసినవారి శక్తి సగమునకు పడిపోయినది. చూపు క్రింద చేసిన స్త్రీలలో నొక్కరును నెగ్గలేదు. ఒంటరిగ చేసిన స్త్రీలందఱును నెగ్గిరి. పరిశీలన చిన్నది. అయినను పెండ్లిచూపులలో తల వంచుకొని కూర్చుండిన యాడుబిడ్డలకు దీని యర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒంటరిగ నుండనిచ్చుట మేలే కావచ్చును. నెగ్గితివో లేదో, ఎందువలననో చెప్పకుండుటయందే అన్యాయము గలదు.

చట్టము లిపుడిపుడే మేల్కొనుచున్నవి. ఐరోపాలో 2018 మే నుండి అమలులోనున్న చట్టము, కేవలము యంత్రము చేసిన గట్టి నిర్ణయమునకు మనుష్యుడు లోబడనక్కఱలేదనియు, మనుష్యుని జోక్యమును కోరవచ్చుననియు నిర్ణయించినది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 2020 మొదలుకొని, యంత్రముచే వీడియో పరీక్ష చేయించు యజమాని ముందుగ అభ్యర్థికి తెలిపి, అది యెట్లు పనిచేయునో వివరించి, సమ్మతి తీసికొనవలెను. న్యూయార్కు నగరమున 2023 జూలై 5 నుండి అట్టి యంత్రములను సంవత్సరమునకొకసారి బయటివారిచే పక్షపాత పరీక్ష చేయించి ఆ ఫలితమును ప్రకటింపవలెను. అభ్యర్థికి పది పనిదినములు ముందుగ తెలుపవలెను. యంత్రమును పరీక్షించి మార్కులు ప్రకటించుట ఇదియే మొదలు. అయితే ఆ నగరపు చట్టమును, నీవు తప్పిన ప్రశ్న యిది యని అభ్యర్థికి చెప్పుమనలేదు.

మన దేశమున సమాచారహక్కు చట్టము 2005లో వచ్చినది. పరీక్ష వ్రాసినవాడు దిద్దిన తన జవాబుపత్రమును చూడగోరవచ్చునని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో తీర్పు చెప్పెను. కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షల విషయమున 2018లో ఆ కోర్టే దీనికి కొంత హద్దు గీసినను, పాఠశాల పరీక్షలలోను విశ్వవిద్యాలయ పరీక్షలలోను ఈ హక్కు నుపయోగించి మార్కులు సరిచేయించుకొన్నవారు గలరు. మా తరగతిలో త్రైమాసిక పరీక్ష వ్రాసిన పదియేండ్ల బాలిక ఎఱ్ఱసిరాతో దిద్దిన పత్రమును ఇంటికి తీసికొనిపోయి తల్లికి చూపును. కూడికలో మే మొక మార్కు మఱచినచో మఱునాడుదయమున బల్లయొద్దకు వచ్చి అడుగును. ఆ బాలికయే యింజనీరై తెరముందు కూర్చుండునాటికి ఈ హక్కు ఆమె వెంట రాదు. సమాచారహక్కు చట్టము ప్రైవేటు కంపెనీలకు వర్తింపదు. వారు పరీక్షించిన పత్రము వారిదే.